తాతయ్య తల వెనక

"అయిపోయింది పిన్నీ, ఇక నేను ఇంటికి వెళ్తా," అంది ఉడుత, మట్టి చేతులు గౌనుకే తుడిచేసుకుంటూ.

అది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. పది నిమిషాలు కూర్చోవాలంటే ఆ పిల్లకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది.

పిన్ని శిల్పాలు చేస్తుంది. ఆమె షెడ్డులో ఉడుత నాలుగు రోజులుగా తాతయ్య తలను మట్టితో చేస్తోంది. రేపు స్కూల్లో ప్రదర్శన. బొమ్మను హాలు మధ్యలో బల్ల మీద పెడతారు. తాతయ్య కూడా చూడటానికి వస్తానన్నాడు.

పిన్ని బొమ్మ ఉన్న పీటను మెల్లగా తిప్పింది. ముక్కు, మీసం, కళ్లజోడు బాగానే కుదిరాయి. పీట ఇంకాస్త తిరిగింది. చెవుల వెనక అంతా గోడలా చదునుగా ఉంది.

"ఇటునుంచి చూసేవాళ్లకి ఈయన ఎవరే?"

ఉడుత పీట మీదికి వంగి చూసింది. "ఫోన్లో ఫొటో చూసి చేశా. అందులో వెనకవైపు లేదుగా."

"మనిషి ఇంట్లోనే ఉంటే ఫొటో ఎందుకు?"

"దగ్గర కూర్చుంటే కబుర్లు మొదలెడతాడు పిన్నీ. ఒక పట్టాన వదలడు."

"మేం బొమ్మ చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతామో మనిషి చుట్టూ కూడా అన్నిసార్లు తిరుగుతాం," అంది పిన్ని. మట్టి ఆరిపోకుండా బొమ్మ మీద తడిగుడ్డ కప్పింది.

రేపు తాతయ్య ఆ బల్ల వెనక నిలబడితే? ఉడుతకు చాలా సిగ్గేసింది. ఒక్క పరుగున ఇంటికి వెళ్లింది.

తిరిగి రావడానికి మాత్రం అరగంట పట్టింది. తాతయ్య కర్రతో నడుస్తాడు మరి. ఉడుత నాలుగుసార్లు ముందుకు ఉరికి, నాలుగుసార్లు వెనక్కి వచ్చింది.

తాతయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి చుట్టూ తిరిగింది. మెడ మీద రెండు గుంటలున్నాయి. ఎడమ చెవి వెనక పాత మచ్చ ఉంది. మట్టి అద్ది, పుల్లతో గీకి, మళ్లీ వెళ్లి చూసి వచ్చింది.

"ఈ మచ్చేంటి తాతయ్యా?"

"నీ వయసులో నేనూ కుదురుగా ఉండేవాణ్ణి కాదు. క్లాసులోంచి కిటికీ దూకాను."

చీకటి పడేలోపు తల పూర్తయింది. తాతయ్య కర్ర అందుకున్నాడు. "పని అయిందిగా, పద. నా సోదితో నీకు విసుగు."

ఉడుత ఇంకో స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"దూకాక ఏమైంది?"