రెండు మోడళ్లు, ఒక ఎల్బీనగర్

ఉపేందర్ కంప్యూటర్ మోడల్‌ను అడిగితే, ఎల్బీనగర్ గాలిలో దుమ్ము మధ్యాహ్నమే లేస్తుందని చెబుతుంది. తేజస్విని మోడల్ మాత్రం సాయంత్రం బస్సులన్నీ రోడ్డెక్కాకే అంటుంది. అక్కడ గాలిని కొలిచే మీటరు రోజూ తేజస్విని పక్షమే. మొదటి రోజే ఆమె, "మీ ఎల్బీనగర్ జనానికి తొందరెక్కువ అనుకుంటానండీ" అంది. అతనికి ఒళ్లు మండింది.

ఆ మంట ఎప్పుడు ఆరిందో, ఆమె రాని రోజు ఆఫీసు ఎందుకంత బోసిపోతోందో అతనికే తెలీదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, గాలి కాలుష్యాన్ని అంచనా వేసే ఆఫీసు వాళ్లది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, రెండు మోడళ్ల గ్రాఫు గీతలూ పోల్చి, అతని తప్పెక్కడో వెతికేవారు. ఆమె గీతల్ని చూసేది, అతను ఆమెను చూసేవాడు. ఇంక తప్పేం దొరుకుతుంది, పాపం!

రెండు మోడళ్లూ ఒక్కమాట మీదికొస్తే పోలిక పని అయిపోయినట్టే, తేజస్విని పుణె ఆఫీసుకు వెళ్లాలని ఆఫీసు పెద్ద కృష్ణకుమారి మేడం ముందే చెప్పేశారు.

ఒక వానరోజు ఆమె సెలవులో ఉండగా తప్పు దొరికింది. మోడల్ నడిచేది లండన్ టైమ్‌లో, మనకంటే అయిదున్నర గంటలు వెనక. దాన్ని మన టైమ్‌కు మార్చడం అతను మరిచిపోయాడు. మార్చగానే దుమ్ము బుద్ధిగా సాయంత్రానికి జరిగింది. అంటే తేజస్విని ఇక పుణె వెళ్లాలి. పాతదే ఉంచేస్తే? ఆమె ఉండిపోతుంది. కానీ రేపు ఈ లెక్క నమ్మి ఆ పక్కనే ఉన్న బడంగ్‌పేట్ బడివాళ్లు సాయంత్రం పిల్లల్ని ఆటలకు వదిలితే? మనసొప్పలేదు.

మర్నాడు ఆమెకు చూపించాడు.

"నాకు మొదటి వారంలోనే తెలుసండి" అంది మెల్లగా.

"మరి చెప్పలేదేంది?"

"చెబితే వెళ్లిపోవాలిగా. మీకు దొరక్కూడదని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. తప్పే, తెలుసు."

అతను పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కోసం ఇన్నాళ్లూ ఒంటరిగా తపించిపోయాడు. ఆమెదీ అదే అవస్థ అని తెలిసేసరికి ఆమె వెళ్లే వేళయింది. కిందినుంచి బస్సుల హారన్లు వినబడుతున్నాయి.

"పుణె పోండి, నేనాపను" అన్నాడు చివరికి. "గని జర చెప్పిపోండి. మా అమ్మానాయినను మీ ఇంటికి ఎప్పుడు తోల్కరావాలె?"

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఈ ఆదివారమే రండి. అడక్కుండానే పంపించేస్తారేమోనని ఎంత ఏడ్చానో మీకేం తెలుసు."