సారు వరండాలో నలుగురు

తాండూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రెబెక్క, తాను చనిపోయిన సంగతి ఒక గురువారం మధ్యాహ్నం పెరుగన్నం తింటూ తెలుసుకుంది. చెప్పినవాడు లైబ్రేరియన్ మహేష్. మహేష్ ఏ పుస్తకమైనా మొదటి రెండు పేజీలే చదువుతాడు. చదివిన ఆ రెండు పేజీలూ ఊరంతా చెప్తాడు కాబట్టి అతనికి పండితుడని పేరు.

"మేడం, మీరు పోయిండ్రంట గద. మాకు ఒక్క మాటన్న చెప్పలె," అంటూ కొత్త పుస్తకాన్ని టిఫిన్ డబ్బా పక్కన పెట్టాడు.

పుస్తకం రాసింది ఆచార్య చంద్రకాంత్. రెబెక్క పీహెచ్‌డీకి ఆయనే గైడు. వందేళ్ల కింద అనంతగిరి గుట్టల దగ్గర బంగ్లా కట్టుకుని, ఇంగ్లీషులో మూడు నవలలు రాసిన ఆగ్నెస్ టిల్‌బ్రూక్ అనే దొరసాని గురించిన పుస్తకం అది. ముందుమాట చివర సారు తన ప్రచురణకర్తకు, భార్యకు, కంటి డాక్టరుకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఆఖరి వాక్యం ఇది: 'ఈ పనిలో నాకు చిన్న చిన్న సాయాలు చేసిన నా విద్యార్థిని, లేట్ రెబెక్క ఆత్మకు శాంతి కలగాలి.'

రెబెక్క ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే మూడో అధ్యాయం తీసింది.

అది ఆమెదే. దొరసాని మూడు నవలల్లోనూ వంటమనిషికి, పనిమనిషికి, బండి తోలేవాడికి పేర్లు లేవు. కాని వాళ్లు గదిలోకి అడుగు పెట్టగానే దొరసాని ఇంగ్లీషు మారిపోతుంది. వాక్యాలు పొట్టివవుతాయి. ఒక్కో మాట రెండుసార్లు వస్తుంది. పేరు లేని ఆ మనుషులు దొరసానికి తెలియకుండానే ఆమె భాషలో దూరి కూర్చున్నారు. ఈ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. దీన్ని పట్టుకోవడానికి రెబెక్క మూడు నవలల్లో ప్రతి వాక్యం మీదా వేలు పెట్టి చదివింది. ఏడేళ్లు పట్టింది.

సారు ఒక్క అక్షరం మార్చలేదు. 'మా అమ్మ మార్త పూడూరులో పెరిగింది, ఇప్పటికీ ఇలాగే మాట్లాడుతుంది' అని రెబెక్క రాసుకున్న వాక్యం కూడా అలాగే ఉంది. సారు తల్లి సావిత్రమ్మ పోయి ఇరవై ఏళ్లయిందనీ, దినానికి లడ్డూలు సరిపోలేదనీ వికారాబాద్ అంతా ఎరుగును. పుస్తకంలో మాత్రం ఆయన తల్లి పేరు మార్త. పైగా బతికే ఉంది. దొంగిలించినదాన్ని ఒకసారి చదువుకునే ఓపిక కూడా అంత పెద్ద మనిషికి లేకపోయింది.

రెండేళ్ల కింద ఆ అధ్యాయం ఆయన చేతిలో పెట్టినప్పుడు సారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఎవ్వరికీ చూపియ్యకు బిడ్డా. లోకం మంచిది కాదు," అన్నారు. తండ్రి లేని రెబెక్క ఆ మాటను గుండెల్లో దాచుకుంది. నిజంగానే ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు అది తనదని చెప్పే సాక్షి ఒక్కడూ లేడు. యూనివర్సిటీలో థీసిస్ ఇవ్వడానికి సోమవారం ఆఖరి రోజు. మూడో అధ్యాయం పెడితే గురువు పుస్తకం నుంచి ఎత్తి రాసిందంటారు. పెట్టకపోతే థీసిసే లేదు.

మహేష్ అల్మారాలో నుంచి సారు పాత పుస్తకాలు నాలుగు తెచ్చాడు. మొదటి రెండు పేజీల పండితుడు కదా, కృతజ్ఞతలన్నీ అతనికి నోటికి వచ్చు. "సారు శిష్యులకు ఆయుష్షు తక్కువున్నట్టుంది మేడం," అన్నాడు. ఒక దాంట్లో లేట్ చెన్నయ్య. ఒక దాంట్లో లేట్ బుగ్గమ్మ. తర్వాత లేట్ సుశాంత్. నాలుగో దాంట్లో లేట్ జంగప్ప.

జంగప్పను రెబెక్క ఎరుగును. నాలుగేళ్ల కిందటి వరకు ఇద్దరూ సారు వరండాలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే. అతనికి గుల్బర్గాలో ఉద్యోగం దొరికిందనీ, గురువును మరిచిపోయాడనీ సారు చెప్తే, కృతజ్ఞత లేనివాడని తనూ నాలుగు తిట్లు తిట్టింది.

ఆ మధ్యాహ్నమే రెబెక్క రైలెక్కి వికారాబాద్‌లో దిగేసరికి ముసురు పట్టింది. నాలుగు కూడా కాలేదు, గుట్టల మీద మబ్బు దిగి ఊరంతా చీకటయింది. కరెంటు లేదు. అనంతగిరి రోడ్డు మీద సారు ఇల్లు, ముందు పొడుగాటి వరండా, గోడ పొడవునా తాండూరు బండలతో కట్టిన అరుగు.

ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ అంటే అందరూ చదువనుకుంటారు. ముప్పాతిక భాగం గైడు వరండాలో కూర్చోవడమే. మధ్యమధ్య గ్యాస్ బండ తేవాలి, అమ్మగారి జాకెట్లు దర్జీ దగ్గర అడగాలి. తాండూరు నుంచి వచ్చేవాళ్లయితే కందిపప్పు తప్పనిసరి. అరుగు మీద ముందు వచ్చినవాళ్లు తలుపు దగ్గర, తర్వాతివాళ్లు వాళ్ల పక్కన కూర్చోవాలి. లోపలి నుంచి సారు పేరు పెట్టి పిలవరు. "రెండో అధ్యాయం రావాలె," అంటారు. రెండో అధ్యాయం లేచి లోపలికి పోతుంది. మిగతా అధ్యాయాలు ఒక్కో జాగా ముందుకు జరుగుతాయి.

తలుపు కొడితే సారు భార్య ఈశ్వరమ్మ దోమల జాలీ వెనక నుంచి చూసింది. "పండుకున్నడు. జరసేపు కూసో," అని లోపలికి పోయింది.

అరుగు మీద అప్పటికే నలుగురున్నారు.

చీకట్లో మొహాలు తెలియడం లేదు. ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని, వాటి మీద రెండు చేతులూ ఆనించి, పద్ధతిగా కూర్చున్నారు. ఇంత వానలో కూడా సారు శిష్యుల్ని వదలడం లేదనుకుని రెబెక్క చివర కూర్చోబోయింది. బండ ఎంత చల్లగా ఉందంటే, చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. నిలబడే ఉంది.

వాసన వస్తోంది. మొదట వాన వాసనే అనుకుంది. కాదు... తడిసి ఎండి మళ్లీ తడిసిన కాగితం వాసన. దాని వెనక బైండింగ్ షాపులో ఉండే పులిసిన మైదా బంక వాసన.

"ఏ అధ్యాయం?" పక్కనున్నతను గుసగుసగా అడిగాడు.

"మూడు."

"నాది రెండు." ఇటు వంగాడు. "మంచిగ కుదిరిందా?"

"కుదిరింది."

"కుదిరితేనే తీసుకుంటడు."

ఆ మాటకు మిగతా ముగ్గురూ ఒక్కసారే తలలూపారు. ఫైళ్ల మీది చేతులు కదల్లేదు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. అతని ఫైలు మీద ఒక్కో చుక్కే పడుతోంది. అతను జరగడం లేదు. అట్ట అంచు లేచి లోపలి కాగితాలు కనిపిస్తున్నాయి. తెల్లగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు.

ఈశ్వరమ్మ పళ్లెంతో బయటికి వచ్చింది. పళ్లెంలో ఐదు గ్లాసుల చాయ్. రోజూ చేసే పని చేసినట్టు, తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముందు నేల మీద ఒక్కో గ్లాసు పెట్టుకుంటూ వచ్చింది. వాళ్ల మొహాలు చూడలేదు. వాళ్లు గ్లాసులు ముట్టలేదు. ఐదో గ్లాసు పట్టుకుని రెబెక్క దగ్గర ఆగింది. ఆమె కాళ్ల వైపు చూసింది. మొహం వైపు చూసింది.

"నువ్వు తాగుతవా బిడ్డా... ఊకె ముందల పెట్టాల్నా?"

ఈశ్వరమ్మ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

పక్కనతను కొంచెం జరిగాడు. జరుగుతుంటే బండ మీద బట్ట రాసుకున్న చప్పుడు కాలేదు. పక్కన జాగా తట్టి చూపించాడు. "బా, రెబెక్కా. కూత్కో."

తెలుగు మాట్లాడుతూ మధ్యలో కన్నడంలోకి జారే అలవాటు, ఆ వరండాలో ఒక్కడికే ఉండేది.

"జంగప్పా?"

"పేరు పెట్టిండు గద పుస్తకంల," అన్నాడు జంగప్ప. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. "ఇగ యాడికి పోతవ్..."

రెబెక్క తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

సారు పండుకోలేదు. చార్జింగ్ లైటు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నారు. పడుకున్నానని చెప్పించి మేలుకుని ఉండటంలో సారుకు ముప్పై ఏళ్ల అనుభవం.

"నేను ఎప్పుడు సచ్చిన్నో చెప్పుండ్రి సార్. మా అమ్మకు చెప్పాలె," అంది.

సారు కలం మూత పెట్టారు. "ప్రెస్సోళ్ల తప్పు బిడ్డా అది. ఆవేశపడకు. నీ పేరైతే ఉంది గద? చాలామంది గైడ్లు అది గూడ పెట్టరు."

"మీ కాళ్లు మొక్కిన సార్ నేను. నాయన లెక్క అనుకున్న."

"నాయన లెక్కనే చెప్తున్న. ఇంకో అధ్యాయం రాసుకో. తెలివైన పిల్లవు, నీకెంత సేపు?"

ఏడేళ్లు, అందామనుకుంది. బయటి చీకటి కంటే సారు మాటే ఎక్కువ చల్లగా తగిలింది. నోటికి వేరే మాట వచ్చింది. "బయట నలుగురు కూసున్నరు."

సారు తలుపు వైపు చూశారు.

"ఈశ్వరి చాయ్ పెట్టిందా?"

"పెట్టింది."

"ఎటు మొకం పెట్టి కూసున్నరు? తొవ్వ దిక్కేనా?"

రెబెక్క ఆలోచించింది. తాను మెట్లెక్కినప్పుడు వాళ్లు రోడ్డు వైపే చూస్తున్నారు. జంగప్ప జరిగినప్పుడు...

"తలుపు దిక్కు తిరిగిండ్రు సార్."

సారు మొహం చార్జింగ్ లైటు కంటే తెల్లబడింది. గబగబా ఒక కాగితం తీసుకున్నారు. ఇంకు కలం తెరిచారు. అడగకముందే రాయడం మొదలుపెట్టారు. వరండాలో ఎవరో లేచారు. ఇంకొకరు. ఫైళ్లు సర్దుకుంటున్న చప్పుడు... సారు పైకి చదువుతూ ఇంగ్లీషులో రాశారు: మూడో అధ్యాయం పూర్తిగా రెబెక్కదే. నేను తీసుకోవడం తప్పు. ఆమె జీవించే ఉంది. సంతకం పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి ఆమె పిడికిట్లో కుక్కారు.

"ఎనక తలుపు నుంచి పో. ముందటికి పోకు. కూసోమంటే కూసోకు."

వంటింట్లో ఈశ్వరమ్మ తాగని చాయ్ తొట్లో పారబోస్తోంది. అప్పుడే ఎప్పుడు తెచ్చిందో! ఐదు గ్లాసులూ ఉన్నాయి. "ఇచ్చిండా?" అంది తల తిప్పకుండా. రెబెక్క ఇచ్చారంది. "మంచిది," అని ఈశ్వరమ్మ గ్లాసులు బోర్లించింది.

తడవకుండా జాకెట్లో దాచుకున్న కాగితం తాండూరు ఇంట్లో బయటికి తీసేసరికి ఎనిమిదయింది. భయం సగం తగ్గి ఏడుపు మొదలైంది. దొంగతనం చేసినా చివరికి ఒప్పుకున్నాడు కదా, అంతే చాలనుకుంది. తడి జుట్టు తుడుచుకుంటూ ఉత్తరాన్ని తల్లి ఒళ్లో వేసింది.

మార్తకు ఇంగ్లీషు రాదు. మడతలు విప్పి, దీపానికి పట్టి, ప్రేమగా చూసింది.

"మంచిగ రాసినవు బిడ్డా. ముత్యాల లెక్క ఉన్నయి."

"నేను రాయలేదమ్మా. సారు రాసిండు."

"నీ రాత నాకు ఎరుక లేదా? ఒకటో తరగతి కాడి నుంచి సూస్తున్న."

రెబెక్క కాగితం లాక్కుంది. ప్రతి అక్షరం తనదే. టీ అక్షరం అడ్డగీత కొంచెం కుడికి వంగే అలవాటు, ఐ మీద చుక్క బదులు చిన్న గీత పెట్టే అలవాటు, అన్నీ తనవే. కింద సారు పేరు ఉంది. సంతకం కూడా తన చేతి రాతలోనే ఉంది.

ఆయన రాస్తుంటే కళ్లారా చూసింది. కలం కదలడం చూసింది.

సోమవారం పొద్దున థీసిస్‌తో పాటు ఆ ఉత్తరం పట్టుకునే యూనివర్సిటీకి వెళ్లింది. వేరే దారి లేదు. పరిశోధన సెక్షన్లో గుమాస్తా యాదగిరి. యాదగిరి టీ తాగే టైములో ఎవరొచ్చినా పనిలో ఉన్నానంటాడు, పని టైములో టీ తాగుతాడు. ఆ రోజు ఎందుకో ఉత్తరం చూడగానే గ్లాసు పక్కన పెట్టాడు. థీసిస్ మొదటి పేజీ మీద ఆమె చేత్తో నింపిన వివరాలతో ఉత్తరంలోని రాతను పోల్చి చూశాడు.

"మేడం, గిది మీరే రాసుకున్నరు గద?"

"సారు రాసిండు. నా కండ్ల ముందట."

యాదగిరి నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. లేచి, బీరువా అడుగు నుంచి దుమ్ము పట్టిన అట్ట ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల నాలుగు ఉత్తరాలున్నాయి. నాలుగూ సారు తప్పు ఒప్పుకున్న ఉత్తరాలే. ఒక్కొక్కటి ఒక్కో చేతి రాతలో ఉంది.

"వీళ్లూ గిట్లనే అన్నరు," అన్నాడు. "సారు రాసిండని. మేం నమ్మలె. మళ్ల ఒక్కలు గూడ రాలె."

పైనున్నది జంగప్పది. అతని గుండ్రటి, తొందర రాత. మూలన నాలుగేళ్ల కిందటి తేదీ, ఆఫీసు ముద్ర. యాదగిరి దాన్ని ఆమె వైపు తిప్పడానికి బొటనవేలితో పట్టుకుని జరిపాడు. సంతకం మీది నీలం రంగు, వేలి వెంటే, కాగితం పొడవునా సాగింది.

యాదగిరి వేలు చూసుకున్నాడు. చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు.

"మేడం..." అన్నాడు మెల్లగా. "గిది ఇంకా ఆరలె."