ఐదో వేలు

రాత్రి పదిన్నర. వాన. పెద్ద వాన కాదు, అలాగని ఆగే వానా కాదు.

పాత టోల్ గేటుకి మంచి పేరు లేదు. కొత్త రోడ్డు పడ్డాక లారీలు, అవతలి కాలనీవాళ్ళు తప్ప అటు ఎవరూ పోరు. డబ్బులు తీసుకునే గది ఒక్కటే మిగిలింది — పైకప్పు లేదు, అద్దాలు లేవు, తలుపు లేదు. దాని ముందు ఒక పెద్ద స్పీడ్ బ్రేకరు. ఎంత తొందరున్నవాడైనా అక్కడ బ్రేకు తొక్కాల్సిందే. తొక్కగానే వెనక తలుపు తెరుచుకుంటుందని, ఎవరో ఎక్కుతారని, కారులో గంట మోగుతుందని... నైట్ డ్రైవర్లు చెప్పుకుంటారు.

వీళ్ళు మామూలు డ్రైవర్లు కారు. పార్టీల్లో తాగినవాళ్ళని వాళ్ళ కారులోనే ఇంటికి చేర్చి, డిక్కీలో వేసుకొచ్చిన మడత సైకిలు దించుకుని తిరిగి పోతారు. అందరినీ ఇంటికి చేర్చేది వీళ్ళే. వీళ్ళని చేర్చేవాళ్ళు ఉండరు.

ఆ పనికే వచ్చింది వ్యానక్క. స్కూలు వ్యాను నడిపి నడిపి ఆ పేరు స్థిరపడిపోయింది. స్కూలువాళ్ళు సొంత బస్సులు కొనుక్కున్నాక వ్యాను అమ్మేసింది. కట్టుకున్నాయన ఎప్పుడో పోయాడు. కూతురు పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోయింది. ఇంట్లో తను, గోడ గడియారం. రెంటిలో మాట్లాడేది గడియారమే.

ఆ సాయంత్రం ఆఫీసులో పెద్దన్న — యజమానిని అందరూ అలాగే పిలుస్తారు — ఆవిడని పైనుంచి కిందికి చూశాడు.

"లైసెన్సు వచ్చి ఎన్నేళ్ళయింది?"

"ఇరవై."

"ఎక్కడైనా గుద్దావా?"

"ఒకసారి. గేటుని. మా ఇంటి గేటే."

పెద్దన్న నవ్వాడు. "గేరు బండి, గేరు లేని బండి రెండూ రావాలి. చుక్క ముట్టకూడదు. తిడితే పడాలి. కారులో కక్కితే కడగాలి. అన్నిటికన్నా ముందు, జనాన్ని మోసిన అనుభవం ఉండాలి."

"పన్నెండేళ్ళు పిల్లల్ని మోశానన్నా. వాళ్ళూ తిడతారు, కక్కుతారు."

"అయితే ఇదీ అదే పని. వీళ్ళు కాస్త బరువెక్కువ, అంతే! ఇవాళ ఒక్క ట్రిప్పు చూస్తాను. ఫిర్యాదు రాకపోతే ఉద్యోగం నీది. వస్తే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు. ఎక్కినవాళ్ళని లెక్కపెట్టు, దిగినవాళ్ళని లెక్కపెట్టు. చేరాక ఫోన్ చెయ్యి."

"నేను ఇంటికి చేరాక కూడానా?"

పెద్దన్నకి ఆ ప్రశ్న ఎక్కలేదు. "నువ్వు చేరితే నీకు తెలుస్తుందిగా!"

బయటికి రాగానే బొంగురు అడ్డం వచ్చాడు. పాత డ్రైవరు. ఆ గొంతుకి వేరే పేరు కుదరదు.

"అక్కా... కాలనీకేనా? టోల్ గేటు దగ్గర వెనక్కి చూడకు."

"ఏముందక్కడ?"

"మనవాడే. అందరినీ దించి, ఇలాంటి వానలోనే సైకిలు మీద ఇంటికి పోతూ... లారీ. కారులోవాళ్ళు చేరారని ఆఫీసుకి ఫోనొచ్చింది. వాడు చేరలేదని తెల్లారేదాకా ఎవరికీ తెలీదు." గొంతు ఇంకా తగ్గించాడు. "మన డ్రైవర్లు రాత్రి సైకిలు మీద వేసుకునే మెరిసే కోటులోనే నిలబడతాడు. వెనక్కి చూశావో, నీతోపాటు ఇంటిదాకా వస్తాడు."

"మా ఇంటికి ఎవరైనా రావడం మంచిదేగా," అంది వ్యానక్క.

అన్నాక, అనకుండా ఉండాల్సింది అనుకుంది.

హోటలు ముందు ముగ్గురు ఎక్కారు. ఒకే ఇంటివాళ్ళు. అన్న ముందు సీట్లో, తమ్ముడు, బావ వెనక. ఒక్కొక్కరికీ తనే బెల్టు పెట్టింది. మూడు వేళ్ళు మడిచింది.

"డ్రైవరమ్మా, మెల్లగా పోనియ్," అన్నాడు అన్న. "నా బుర్ర ఇంకా హోటల్లోనే ఉంది. వెనకాల నడిచొస్తోంది."

ఆ మాట అని గురక పెట్టాడు. తర్వాత కారులో గురకలు, వైపర్ల చప్పుడు... అంతే. మనుషులు పక్కనే ఉన్నా, పలకరించే మనిషి లేడు.

టోల్ గేటు వచ్చింది.

లైటు పడగానే గదిలో ఏదో మెరిసింది.

బ్రేకు తొక్కింది. కారు ఆగీ ఆగనట్టు స్పీడ్ బ్రేకరు మీద నిలిచింది... టింగ్. టింగ్. టింగ్. సీటు బెల్టు గంట. వెనక తలుపు టక్కుమంది. చల్లగాలి మెడకి తగిలింది. మళ్ళీ టక్.

వెనక్కి చూడలేదు. అద్దాన్ని కూడా పైకప్పు వైపు తిప్పేసింది. కాలు దానంతటదే యాక్సిలరేటరు మీద పడింది.

"బాబూ... బెల్టు పెట్టుకోండి."

గంట మోగి మోగి ఆగింది. నలుగురం కాదు... ఇప్పుడు ఐదుగురం, అనుకుంది. ఇల్లు వచ్చేదాకా వీపు సీటుకి ఆనించలేదు.

గేటు దగ్గర గొడుగు పట్టుకుని అన్న భార్య నిలబడి ఉంది. ముందు సీట్లోకి చూసింది. వెనక సీట్లోకి చూసింది.

"ఇద్దరే ఉన్నారేంటమ్మా? మా మరిది ఏడీ?"

అప్పుడు చూసింది వ్యానక్క వెనక్కి. బావ అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. పక్కన చోటు ఖాళీ. ఆ ఖాళీలో తమ్ముడి ఫోను.

ఎవరూ ఎక్కలేదు. ఒకడు దిగాడు.

పన్నెండేళ్ళు. పిల్లలు ఎక్కినా దిగినా వెనక్కి తిరిగి చూడకుండా ఒక్కనాడు బండి కదిలించలేదు. ఇవాళ, దెయ్యం మాట విని...

"ఆ రోడ్డు మీద లారీలమ్మా!" అందావిడ. "వాడికి ఒళ్ళు తెలీదు. ఉండు, మీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను."

"చెయ్యండమ్మా. ఉద్యోగం పోతే పోయింది. ముందు వీళ్ళని దింపుకుని కారు నాకివ్వండి, వెనక్కి వెళ్ళి చూస్తాను."

ఖాళీ కారు. అద్దం సరిచేసుకుంది. వెనక్కి చూడకు అన్నాడు బొంగురు. ఇప్పుడు చూడటానికే వెళ్తోంది.

దారిలో ఒక లారీ హారను కొట్టుకుంటూ ఎదురొచ్చి, అద్దం మీద నీళ్ళు చల్లి పోయింది. దాని చక్రాల వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

టోల్ గేటు గది మెట్టు మీద... తెల్లగా ఎవరో.

"అక్కా!" లేచాడు తమ్ముడు. "పాసుకి దిగితే వదిలేసి పోతారా? నా కోసమే ఆపారనుకున్నాను కదా! తర్వాత రెండు కార్లకి చెయ్యెత్తాను. ఇటు చూసి కెవ్వుమని పారిపోయారు!"

వ్యానక్కకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు. ఆ రెండు కార్లవాళ్ళూ రేపు ఊరంతా చెప్తారు, టోల్ గేటు దగ్గర దెయ్యాన్ని చూశామని. ఇన్నేళ్ళ దెయ్యం ఇదన్నమాట... తాగి దిగినవాళ్ళు, భయంతో వదిలేసినవాళ్ళు.

"రా నాయనా," అని భుజం మీద చెయ్యి వేసింది.

చొక్కా పొడిగా ఉంది.

పైకి చూసింది. కప్పు లేదు. వాన తన మొహం మీదే పడింది.

"...తడవలేదేం?"

"ఆయన కోటు కప్పాడుగా. మీ డ్రైవర్లలో ఒకాయనే, మెరిసే కోటు. నేను రోడ్డు మీదికి పోతుంటే చెయ్యి పట్టి లాగాడు, అప్పుడే లారీ పోయింది. 'కూర్చో, ఆవిడ లెక్క చూసుకుని వస్తుంది' అన్నాడు."

"ఎక్కడ... ఆయన?"

"ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడే!" తమ్ముడు తల గోక్కున్నాడు. "ఒకటడిగాడక్కా. 'నన్ను ఎవరైనా లెక్కపెట్టారా?' అని. నాకేం తెలుసు? తెలీదన్నాను."

మరిదిని చూశాక అన్న భార్య ఫిర్యాదు మాట ఎత్తలేదు. తనే ఆఫీసుకి ఫోన్ చేసి, "ముగ్గురూ చేరారండీ, మీ డ్రైవరమ్మ జాగ్రత్తగా చేర్చింది," అంది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. వ్యానక్క చెయ్యి మాత్రం గట్టిగా ఒకసారి నొక్కింది.

ఇంటికి పోవాలంటే మళ్ళీ ఆ టోల్ గేటే. ఈసారి మడత సైకిలు మీద, ఒక్కతే.

గది దాటింది. దాటి, సైకిలు దిగింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ మెరిసే కోటువాడు తన కూతురి వయసువాడై ఉంటాడా... అతని ఇంట్లో ఎవరు మేలుకుని కూర్చున్నారో...

వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

"పద, నాయనా," అంది.

ఇంటికి వచ్చింది. సైకిలు మడిచి లోపల గోడకి ఆనించింది. తలుపు గడియ పెట్టింది. లైటు వెయ్యకుండా మంచం మీద కూర్చుంది. గడియారం మాట్లాడుతోంది.

వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. అన్న చేరాడు. బావ చేరాడు. తమ్ముడు చేరాడు. నాలుగోది... తను. తనూ చేరింది.

బయట, గుమ్మం ముందు, సైకిలు గంట ఒక్కసారి మోగింది.

ఆవిడ గోడకి ఆనించిన సైకిలు వైపు చూసింది.

తర్వాత మెల్లగా ఐదో వేలు మడిచింది.