మిర్యాలగూడ వచ్చిందా?

సాయంత్రం నల్లగొండ నుంచి మిర్యాలగూడ వచ్చే ప్యాసింజర్‌లో ఎక్కడైనా కూర్చోండి. ఆఖరికి బాత్రూం తలుపు పక్కన పేపరు పరుచుకుని కూర్చున్నా ఫరవాలేదు. కానీ మూడో బోగీలో, వెనక తలుపు దగ్గరున్న ఒంటి కిటికీ సీటు మాత్రం వద్దు.

ఆ సీటుకు మంచి పేరు లేదు.

ఎప్పుడో సుగుణమ్మ అనే ఒక ఆఫీసు మనిషి ఆ సీట్లో కునుకు తీసి, మిర్యాలగూడ దాటిపోయిందట. ఉలిక్కిపడి లేచి, కదులుతున్న బండిలోంచి చీకట్లోకి దిగిందట. దిగిన మనిషి తెల్లారి శవమై దొరికింది గానీ, దాటిపోయిన స్టేషన్ మాత్రం ఆమెకు ఇప్పటికీ దొరకలేదట. అందుకే... లైట్లు ఆరినాక... అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్లను చల్లటి చేత్తో ముట్టి అడుగుతుందట —

"మిర్యాలగూడ వచ్చిందా...?"

వచ్చింది అన్నారా, మీ వెంబడే దిగి మీ ఇంటికి వస్తుంది. రాలేదు అన్నారా, అయితే ఇంకాసేపు పడుకుంటానని మీ ఒళ్లోనే వాలుతుంది. నోరు మెదపకుండా, కళ్లు గట్టిగా మూసుకుని ఉండటమొక్కటే దారి.

నల్లగొండలో కొత్తగా ఉద్యోగంలో చేరిన హిమజకు ఈ కథ చెప్పింది చిరంజీవి. బ్యాంకులో క్లర్కు. ఆ బండిలో సీజన్ పాసు వాళ్లందరికీ పెద్దదిక్కు. చెప్పేటప్పుడు ఆ సీటుకు ఎదురు సీట్లోనే కూర్చుని, బూట్లు విప్పి, రెండు కాళ్లూ ఆ దెయ్యం సీటు మీదనే బారజాపి ఉన్నాడు.

"మరి నీకేం గాదా అన్నా?" అంది హిమజ.

చిరంజీవి ప్యాంటు జర పైకి లాగి, చీలమండకు కట్టిన నల్లదారం చూపించాడు. "తాయెత్తు. కాళ్లకే కట్టించిన. మిగతా ఒంటికి గ్యారంటీ లేదు చెల్లే. అందుకే కాళ్లు మాత్రమే పెడ్తున్న."

పక్కనున్న ఊర్మిళ టీచర్ — కోదాడ ఆడబిడ్డ, మిర్యాలగూడ కోడలు — హిమజ చెవిలో గుసగుసగా అంది. "నిలబడమ్మాయ్, ఏం కాదు. కాళ్ల నొప్పులైతే పోతాయి. అది పట్టిందంటే పోదు."

హిమజ నిలబడే వచ్చేది. రోజూ.

అసలు సంగతేమిటంటే, హిమజకు దెయ్యం కంటే సూర్యాపేట అంటే భయం. వాళ్ల నాయిన దామోదర్‌కు ఈ రైలు ఉద్యోగం మొదటి నుంచీ నచ్చలేదు. "ఇంకొక్కసారి లేటయినా, భయమైతుంది, బుగులైతుందని మొకం ఏలాడేసుకొని వచ్చినా, ఇగ ఈ రైలు ఖతం. సూర్యాపేటల పెద్దమ్మ ఇంట్ల ఉండి బస్సుల పోతవ్" అని తేల్చేశాడు. సూర్యాపేటకు రైలు లేదు. పెద్దమ్మ దగ్గర పెండ్లి సంబంధాలకు మాత్రం కొదవ లేదు. ఇడ్లీ మీద చట్నీ పోసినట్టు పూటకొకటి వడ్డిస్తుంది. ఇంట్లో నాయిన మాట, ఆఫీసులో సారు మాట. ఆ రెండింటికీ నడుమ, రైల్లో ఆ కాసేపే తను తనది. నిలబడైనా సరే. అది కూడా పోతే ఇంకేం మిగిలినట్టు?

చలికాలం. ఒక సోమవారం.

ఆఫీసులో సర్వర్ పొద్దున్నే పడుకుంది. మధ్యాహ్నం లేచి, ఒకసారి ఆవులించి, మళ్లీ పడుకుంది. సారు ఒకే రిపోర్టును అడ్డంగా, నిలువుగా, పెద్దక్షరాల్లో, చిన్నక్షరాల్లో ప్రింటు తీయించి, సాయంత్రానికి "మొదటిదే మంచిగుందమ్మా" అన్నాడు. ప్రింటరుకూ సారుకూ నడుమ తిరిగి తిరిగి హిమజ పాదాలు పూరీల్లా పొంగాయి.

మూడో బోగీ ఎక్కి చూస్తే చిరంజీవి లేడు. అతని కోసం ఎదురు సీటు మీద ఎవరో ఖర్చీఫ్ వేసి ఉంచారు. దెయ్యం సీటు మాత్రం ఖాళీగా ఉంది. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు గానీ, దాని జోలికి పోవడం లేదు.

హిమజ సీటును చూసింది. సీటు కూడా హిమజను చూసినట్టే ఉంది.

'సుగుణమ్మా, నువ్వూ ఆఫీసు మనిషివే గదా... జర అర్థం చేసుకో' అని మనసులో దండం పెట్టుకుని కూర్చుంది. నల్ల శాలువా తల మీది నుంచి కప్పుకుని, కిటికీ ఇనుప ఊచను పట్టుకుంది.

తిప్పర్తి దాటాక లైట్లు ఆర్పడం ఆ బండిలో రివాజు. కునుకు తీసేవాళ్ల కోసం. ఎవరో స్విచ్చులు నొక్కారు. చీకటి... చక్రాల చప్పుడు... ఊచ మంచులా చల్లగా... హిమజ కళ్లు మూతపడ్డాయి.

ఎంతసేపయిందో ఏమో.

ధబ్బుమని... ఒళ్లో ఏదో వాలింది!

బరువుగా. పొడుగ్గా. సగం మనిషంత.

నిద్ర పూర్తిగా వదల్లేదు. చెయ్యి దానికి తగిలింది. నోట్లోంచి ఏదో మాట కూడా వచ్చింది. ఏమన్నదో తనకే తెలియదు. మరుక్షణం చీకట్లో ఒక కేక —

"పట్టిందిరో! నన్ను పట్టింది!"

ఒళ్లో బరువు మాయమైంది. బోగీ అంతా ఒక్కసారి లేచింది. బ్యాగులు, టిఫిన్ డబ్బాలు, అరుపులు, పరుగులు... అందరూ ముందు బోగీలోకి పడ్డారు. తర్వాత... చడీచప్పుడు లేదు.

హిమజ నిద్ర ఎగిరిపోయింది. ఒళ్లో వాలింది... అంటే అదే! శాలువాలోకి తల దూర్చి, నోరు మెదపకుండా, కళ్లు గట్టిగా మూసుకుంది.

బండి ఆగింది. "చాయ్... చాయ్..." అని బయట కేక. ఇదే మిర్యాలగూడ అయితే? దిగాలి. కానీ దిగితే అదీ వెంబడే దిగుతుంది. తను ఒక్కతి ఉద్యోగం చేస్తుంటేనే ఇంట్లో ఓర్వడం లేదు, ఇంకో ఆఫీసు మనిషిని తీసుకుపోతే నాయిన ఊకుంటాడా?

బండి కదిలింది.

మళ్లీ ఆగినప్పుడు ఒక కన్ను తెరిచి చూసింది. పసుపు బోర్డు మీద — కొండ్రపోల్.

మిర్యాలగూడ దాటిపోయింది... సుగుణమ్మకు లాగే.

ఫోన్‌లో చార్జింగ్ లేదు. కళ్ల ముందు సూర్యాపేట కనిపించింది. అవతలి ప్లాట్‌ఫాం మీద మిర్యాలగూడ వైపు పోయే బండి క్రాసింగ్ కోసం ఆగి ఉంది. పరుగెత్తి ఎక్కింది.

మిర్యాలగూడ స్టేషన్లో, మిల్లుల నుంచి వచ్చే ఉడికిన వడ్ల వాసన నడుమ, జనం గుంపు కట్టారు. మధ్యలో బెంచీ మీద చిరంజీవి, బూట్లు లేకుండా వణుకుతున్నాడు. ఊర్మిళ టీచర్ మొహాన నీళ్లు చల్లుతోంది.

"ఆఖరి బోగీ ఎక్కి నడుసుకుంట వచ్చిన అన్నా... చీకట్ల నా సీట్ల కూసొని కాళ్లు సాపిన... ఐసుగడ్డ తీర్గ చెయ్యి! సక్కగ తాయెత్తు మీదనే పట్టింది! మిర్యాలగూడ వచ్చిందా అన్నది!"

"అది గాదయ్యా, నా బిడ్డేది?" బిడ్డ కోసం స్టేషన్‌కు వచ్చిన దామోదర్ అతని భుజం పట్టి కుదిపాడు. "గదే బండిల రావాలె గదా!"

అప్పుడే ఎదురు దిక్కు నుంచి వచ్చిన బండిలోంచి, నల్ల శాలువా కప్పుకున్న మనిషి ఒకరు దిగారు. మెల్లగా గుంపు దగ్గరికి వచ్చి, చిరంజీవి భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి దాటిపోయిన భయంతో అడిగారు —

"అన్నా... ఇది మిర్యాలగూడనే గదా?"

చిరంజీవి బెంచీ మీది నుంచి జారి కాళ్ల మీద పడ్డాడు. "అమ్మా సుగుణమ్మా, తప్పయింది! నువ్వు సచ్చిపోనేలే... అసలు పుట్టనేలే! నేనే పుట్టించిన తల్లీ, కాళ్లు సాపుకునేటందుకు!"

హిమజకు అప్పుడర్థమైంది. ఒళ్లో వాలింది చిరంజీవి కాళ్లు. ఊచ పట్టుకుని చల్లబడిన చెయ్యి తనది. ఆ మాటా తనదే.

"నేనే అన్నా..." అనబోయింది. కానీ నాయిన మొహం కనిపించింది. నిద్రపోయి స్టేషన్ దాటిపోయిన అని చెబితే, రేపే సూర్యాపేట. నోరు మెదపకుండా, కళ్లు మూసుకుంది.

బిడ్డను సుగుణమ్మ పట్టిందనుకుని, దామోదర్ భయపడుతూనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలింది.

"ఆకలైతుందా... అమ్మా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాయిన తనను అంత మర్యాదగా పలకరించడం అదే మొదలు.

ఆ తర్వాత ఇంట్లో సూర్యాపేట మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కిటికీ సీటు హిమజది. ఖర్చీఫ్ వేసే అవసరం కూడా లేదు. తిప్పర్తి దాటగానే లైట్లు ఆర్పుకుని హాయిగా పడుకుంటుంది. ఒక్కనాడూ స్టేషన్ దాటిపోలేదు. మిర్యాలగూడ దగ్గర పడుతుండగా, ఎవరో మెత్తగా భుజం తట్టి లేపుతారు.

"లే బిడ్డా... వచ్చింది."

ఊర్మిళ టీచరే అనుకుంది ఇన్నాళ్లూ. మొన్న ప్లాట్‌ఫాం మీద ఆమె కనిపిస్తే, "రోజూ లేపుతున్నందుకు థాంక్స్ టీచర్" అంది.

ఊర్మిళ టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసింది.

"నేనా? మేమంతా ఎప్పుడో ముందు బోగీకి మారిపోయాం కదమ్మాయ్... ఆ రోజు నుంచి నీ బోగీ ఎవరెక్కుతున్నారు?"

చిరంజీవి మాత్రం ఇప్పటికీ పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాడు — సుగుణమ్మ అనే మనిషి అసలు లేనే లేదని.