నీలి చక్రం పాట

అంగారకుడి మీద అరుణపురంలో ప్రతి నెలా మొదటి రోజున జనమంతా పని ఆపి, భూమి ఉన్న దిక్కుకు తిరిగి దాక్షాయణి పాట పాడేవారు.

నీలి చక్రాన్ని నెలకు
ఒకసారి తిప్పండి
మరిచిపోతే పడమటి
గాలి ఆగిపోతుంది

దాక్షాయణి మొదటి జట్టులో గాలిగొట్టాల మెకానిక్. చనిపోయే ముందు ఆమె పంపిన చివరి సందేశమిది. నీలి చక్రమంటే భూమి అనీ, నెలకోసారైనా తలచుకొమ్మనీ బడిలో అర్థం చెప్పేవారు.

2131లో ఊరి చరిత్రను పుస్తకంగా అచ్చువేసే పని ప్రెస్సు నడిపే వకుళకు అప్పగించారు. ఆమె తయారుచేసిన పంక్తిశోధిని అనే మాట్లాడే ప్రోగ్రాం పాత సాదా పాఠాన్ని, అంటే ప్లెయిన్ టెక్స్ట్‌ను, అచ్చు కూర్పులోకి మారుస్తుంది. సాదా పాఠంలో పంక్తి ఎందుకు విరిగినా గుర్తు ఒకటే. కవి కావాలని విరిచాడా, తెరలో చోటు చాలక మాట కిందికి జారిందా అన్నది శోధినే తేల్చాలి.

ఆ రోజు అది పాటను ఒకే వరుసగా కలిపేసింది.

"అదేంటి? అది పద్యం," అంది వకుళ.

"కాదండీ," అంది శోధిని. "దాక్షాయణి గారు ఇది పంపిన చేతిగడియారం తెర ఖాళీలతో కలిపి పన్నెండక్షరాల వెడల్పు. ఏ పంక్తి చివరైనా తర్వాతి మాట చేర్చి చూడండి, పట్టదు. ఇది పని సూచన."

వకుళకు పడమటి పేట గుర్తుకొచ్చింది. అక్కడ ఏటికేడు గాలి పలచబడుతూ, రెండేళ్లుగా మరీ తగ్గిపోయింది. కారణం దొరక్క మూడొందల కుటుంబాలను ఖాళీ చేయించే ఆలోచనలో ఉన్నారు. ఆమె పురపెద్ద మస్తానయ్య దగ్గరికి పరుగెత్తింది.

"పాటలోని చక్రాన్ని గొట్టాల్లో వెతుకుతానంటావేంటమ్మా!"

"నలభై ఏళ్లు పాడాం కదండీ. ఒక్కసారి తిప్పి చూద్దాం."

పడమటి సొరంగంలో, పెద్ద వడపోత వెనక, ఎర్రమట్టి పేరుకున్న ఇనుప చక్రం కనబడింది. చేత్తో రుద్దితే నీలిరంగు తేలింది. ఇద్దరూ గడ్డపార దూర్చి వేలాడారు. మూడో ఊపుకి అది మూలిగి కదిలింది. చల్లగాలి ముఖాలకు కొట్టింది. మస్తానయ్య అక్కడే చతికిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి నెల పాట రోజు గడిచాక ఆయనే ప్రెస్సుకొచ్చాడు.

"చక్రం తిప్పడానికి మనిషిని పెట్టాం. పుస్తకంలో మాత్రం నాలుగు పంక్తులుగానే వెయ్యమ్మా."

"నిజం తెలిశాక కూడానా?"

"తెలిశాక జనం ఇంకా గట్టిగా పాడారు!"

వకుళ నవ్వి, పంక్తులు మళ్లీ విరవమని శోధినికి చెప్పింది.

"పద్య విరుపని గుర్తు పెట్టాలంటే విరిచినవారి పేరుండాలి," అంది శోధిని. "దాక్షాయణి గారు విరవలేదు, ఆవిడ పేరు రాయలేను. ఎవరి పేరు రాయమంటారు?"

వకుళ తడుముకోలేదు.

"పాడినవాళ్లు అని రాయి."