గుమ్మడికాయ కొట్టేదాకా

దగ్గరికి జరగండమ్మా, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. ఫిలింనగర్ గుట్ట మీద మంజులత ఇంట్లో ఒక గడ్డం పెట్టిన గొడవ చెబుతాను. గడ్డం గొడవ పెట్టడమేమిటి అనుకుంటున్నారు కదా, వినండి, మీకే తెలుస్తుంది.

ఆ రోజు పొద్దున మంజులత ఒక చెవి కుక్కర్ కూతకి, ఇంకో చెవి వీధి కొళాయికి అప్పగించి ఇంట్లోకీ బయటికీ పరుగులు పెడుతోంది. కొళాయికి నీళ్లొచ్చే రోజు. ఇటు బిందె నిండి పొర్లుతోంది, అటు పప్పు అడుగంటేలా ఉంది. ఇంత హడావిడిలో ఆమె భర్త హనుమంతు మాత్రం గడప మీద కూర్చుని, గోడకి అద్దం ఆనించి, రొమ్ము దాకా దిగిన గడ్డానికి కొబ్బరి నూనె రాసుకుంటున్నాడు. పసిపిల్లకి తలంటినంత శ్రద్ధగా రాసుకుంటున్నాడు.

"ఏవండీ, ఆ బిందె కాస్త లోపల పెడతారా?"

"చేతులకు నూనె ఉంది మంజులా. జారుతది."

మంజులత పళ్లు బిగించి బిందె తానే ఎత్తుకుంది. కూతురు శాంత కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని తండ్రిని దాటుకుంటూ వెళ్లింది.

"నాన్నా, నువ్వు గేటు దాకా రాకు. మొన్న మా ఫ్రెండ్స్ మీ నాన్న స్వామీజీయా అని అడిగిండ్రు."

"ఆశీర్వాదం ఇయ్యాల్నా అని అడగకపోయినవా?" అని హనుమంతు నవ్వాడు. మంజులతకి నవ్వు రాలేదు.

ఆ గడ్డం సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. హనుమంతు తల్లి ఎల్లమ్మ మెదక్ వైపు మనిషి. జూబ్లీహిల్స్ రాళ్లు పగలగొట్టి బంగళాలు లేపే రోజుల్లో తట్ట మోసింది. ఆ తర్వాత షూటింగుల్లో భోజనాల దగ్గర గిన్నెలు తోమింది. తల్లి కొంగు పట్టుకుని షూటింగులు చూస్తూ పెరిగిన హనుమంతు గుంపులో నిలబడే వేషాలకి కుదిరాడు. మంజులత తండ్రి తెనాలి నుంచి వచ్చి మధురానగర్‌లో ఉండేవాడు. ఆవిడా కొన్నాళ్లు అవే వేషాలు వేసింది. ఒక పెళ్లి సీనులో ఇద్దరూ అక్షింతలు వేసే జనంలో పక్కపక్కన నిలబడ్డారు. హీరోకి నవ్వు సరిగ్గా కుదరక ఆ పెళ్లి పొద్దుగూకేదాకా మళ్లీ మళ్లీ చేశారు. ఆ హీరో హీరోయిన్లకి అన్నిసార్లు పెళ్లి చేసి, చివరికి వీళ్లిద్దరూ ఒక్కసారి చేసుకున్నారు.

రాను రాను పిలుపులు తగ్గాయి. జనాన్ని కంప్యూటర్లోనే పుట్టిస్తున్నారు, ఇంకా కావాలంటే కుర్రవాళ్లు బోలెడంత మంది. ఇల్లు నడవక మంజులత మెయిన్ రోడ్డు మీద సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటర్ దగ్గర చేరింది. కిరాయి, కరెంటు, కూతురి చదువు, అన్నీ ఆ జీతం మీదే. అలాంటప్పుడు, దసరా ముందు, హనుమంతుకి ఒక టీవీ సీరియల్లో హీరోయిన్ తండ్రి వేషం వచ్చింది. ఒక రోజు తీసి పంపించారు. మళ్లీ పిలిచేదాకా గడ్డం ముట్టుకోవద్దన్నారు. దాన్ని వాళ్లు కంటిన్యుటీ అంటారు. నిన్న తీసిన ముక్కలో గడ్డం ఉంటే రేపు తీసే ముక్కలోనూ ఉండాలి కదా. షూటింగ్ మొత్తం పూర్తయిన రోజు గుమ్మడికాయ కొడతారు. అది పగిలాకే ఎవరి గడ్డం వాళ్ల ఇష్టం. దసరా పోయింది, చలి పోయింది, ఎండలు ముదిరాయి. గడ్డం పెరిగింది కానీ పిలుపు రాలేదు. సీరియల్ టీవీలో ఇంకా మొదలే కాలేదన్నాడు హనుమంతు.

ఆ రోజు ఉన్న తొందర వేరు. మంజులత పైఅధికారి సూర్యనారాయణగారు టోలిచౌకిలో కొత్తగా తెరిచిన దుకాణంలో సరుకు చూసుకునే ఉద్యోగం హనుమంతుకి ఇప్పిస్తానన్నారు. నెల జీతం, పీఎఫ్, ఆదివారం కాకపోయినా వారంలో ఒక సెలవు. పదకొండింటికల్లా వచ్చి కనపడాలి. గడ్డం ఉండకూడదు.

"ఏవండీ, ఇవాళ్టితో ఆఖరు. సూర్యనారాయణగారు అడిగినప్పుడల్లా రేపు రేపు అని నేనే బతిమాలాను. ఇంక నా మొహం చెల్లదు. లేచి ఆ గడ్డం తీసేయండి."

"కంటిన్యుటీ ఉంది మంజులా. నీకు తెల్వదా? నువ్వూ గా లైన్ల ఉన్నదానివే."

"తెలుసు కాబట్టే ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను."

"గుమ్మడికాయ కొట్టేదాంక తియ్యనని మాట ఇచ్చిన. నడిమిట్ల తీస్తే నా పేరు ఖరాబైతది. మళ్ల ఎవ్వడు పిలువడు."

"ఇప్పుడెవరు పిలుస్తున్నారండీ?"

గోంగూర కట్ట ఒళ్లో వేసుకుని ఆకు తుంచుతున్న ఎల్లమ్మ తలెత్తకుండానే కలగజేసుకుంది. "ఆడు మాట ఇచ్చిండు గదనే పిల్లా. జర ఓపిక పట్టరాదా?"

"ఓపికే పడుతున్నాను అత్తయ్యా, గడ్డంతోపాటు అదీ పెరుగుతూనే ఉంది," అని మంజులత వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కోపం చూపించింది. హనుమంతు తువ్వాలు అందుకుని స్నానానికి పోయాడు.

ఎల్లమ్మకి పొద్దుటి పూట ఒక సీరియల్ ఉంది. రాత్రి కునుకు పట్టి చూడలేనిది పొద్దున మళ్లీ వేస్తే చూస్తుంది. చదువు రాదు కాబట్టి రిమోటు మీద ఎక్కడ నొక్కాలో చేతికి గుర్తు. ఆ రోజు కేబుల్ అబ్బాయి ఛానెల్ నంబర్లన్నీ మార్చిపోయాడు. ఆవిడ నొక్కిన చోటే నొక్కింది, వచ్చింది ఇంకో సీరియల్. పెద్ద హాలు, పాలరాతి మెట్లు, ఒక అమ్మాయి దీపం వెలిగిస్తూ ఏడుస్తోంది. ఆ అమ్మాయి ఎదురుగా గోడ మీద ఫొటో, ఫొటోకి ఇంత లావు గులాబీ దండ.

"నాన్నా, నువ్వు వెళ్లిపోయాక ఈ ఇల్లు ఇల్లులా లేదు నాన్నా..."

ఎల్లమ్మ చేతిలోంచి గోంగూర జారింది. "మంజులా, గీడికి రా," అంది. మంజులత గరిటెతోనే వచ్చింది. టీవీలో ఆ అమ్మాయి ఏడుస్తూనే ఉంది, కెమెరా మెల్లగా ఫొటో మీదికి వెళుతోంది. నూనె రాసుకున్న గడ్డం, కుడి కనుబొమ మీద మచ్చ. దండలోంచి హనుమంతు చల్లగా నవ్వుతున్నాడు.

సరిగ్గా అప్పుడే హనుమంతు తల తుడుచుకుంటూ వచ్చాడు. చూశాడు. గబుక్కున టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు," అంది ఎల్లమ్మ.

"వేషమే గదమ్మా. నిజంగ పోయిననా ఏంది?"

"ఎప్పుడు పోయారు?" అని అడిగింది మంజులత.

"ఎవరు?"

"మీరేనండీ. ఎప్పుడు పోయారని అడుగుతున్నాను."

హనుమంతు తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు. "కార్తీకంల," అన్నాడు చిన్నగా. "కథ మారింది. తండ్రి లేకుంటెనే పిల్ల ఏడ్పు బాగుంటదన్నరు. మొదటి రోజు తీసిన ఫొటో ఉంది గదా, గదే సాలన్నరు."

"అంటే కార్తీకంలో పోయి, ఇవాళ పొద్దున కూడా గడ్డానికి నూనె రాసుకున్నారు."

"ఫ్లాష్‌బ్యాక్ ఉంటదన్నరు మంజులా. తండ్రి బతికున్నప్పటి ముచ్చట్లు. మేనేజర్ అన్నడు."

"ఉంటుందన్నాడా?"

"ఉంటే ఉండచ్చు అన్నడు."

మంజులత గరిటె నేల మీద పెట్టి కూర్చుంది. "ఉంటే ఉండొచ్చట. ఆ మాట కోసం ఇంట్లో ఇంత మందిమి మీ గడ్డం చుట్టూ తిరిగామండీ. నా కాళ్లు చూశారా ఎప్పుడైనా? పొద్దున వేసుకున్న చెప్పులు సాయంత్రానికి పట్టవు. నాది కాదా కంటిన్యుటీ? రోజూ అదే చీర, అదే నవ్వు, అదే 'కవర్ కావాలా మేడమ్'. ఏ రోజైనా నవ్వు మారితే ఊరుకుంటారా? పోయిన మనిషికి కూడా డేట్లు కుదరక నా సంసారం ఆగిపోయింది."

హనుమంతు టీవీ కట్టేశాడు. గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు. తడి గడ్డంలోంచి నీళ్లు చొక్కా లేని రొమ్ము మీద కారుతున్నాయి.

"కృష్ణానగర్‌ల చాయ్ కాడ నిలబడితే, గీ గడ్డం చూసి, ఏం నడుస్తుందన్నా అని అడుగుతరు. సీరియల్ తమ్మీ అంటె కుర్చీ జరుపుతరు. గడ్డం తీసిననాడు, ఖాళీయేనా అన్నా అంటరు. ఖాళీ అనే మాట నేను ఇనలేను మంజులా. గడ్డం ఉన్నంతసేపు నాకు పని ఉన్నట్టే ఉండె."

మంజులతకి తన సంగతి ఒకటి గుర్తొచ్చింది. కౌంటర్లో చేరిన కొత్తల్లో ఒకరోజు, తనతో వేషాలు వేసిన అమ్మాయి సరుకులతో ఎదురుగా వచ్చి నిలబడింది. గుర్తు పడుతుందేమోనని మంజులత తల వంచుకునే బిల్లు కొట్టింది. కవర్ కావాలా అని అడగడం కూడా మరిచిపోయింది. ఆ సంగతి భర్తకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మనిద్దరం ఒకే సిగ్గు పడ్డామండీ. నేను తల వంచుకుని దాచుకున్నాను, మీరు గడ్డం పెంచుకుని దాచుకున్నారు."

హనుమంతు ఆమె కాళ్ల వంక చూశాడు. వేళ్ల దగ్గర చెప్పు ఒరుసుకుని కమిలిన చోట చేయి వేశాడు. చేతికి ఇంకా నూనె జిడ్డు ఉంది.

అప్పుడు గమనించారు, ఎల్లమ్మ ఇంట్లో లేదు. గోంగూర నేల మీదే ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది. హనుమంతు లేచి గల్లీలోకి పరుగెత్తబోతుంటే ఆవిడే గుట్ట మెట్లెక్కి వస్తోంది, రొప్పుకుంటూ, చంకలో ఒక బూడిద గుమ్మడికాయతో.

"ఏందమ్మా గిది?"

"గడప అవతల నిలబడు."

"అమ్మా..."

"నిలబడమన్న."

ఎల్లమ్మ కాయ మీద కర్పూరం వెలిగించింది. కొడుకు చుట్టూ తిప్పింది. "ఇన్నేండ్లు షూటింగులల్ల గిన్నెలు తోమిన. ఎన్ని గుమ్మడికాయలు కొట్టంగ చూసిన్నో. గది పగిలినంక డైరెక్టరు గూడ ఇంటికి పోతడు. బతికున్న నా కొడుక్కు దండేసినోళ్లు, ఎప్పుడు పిలుస్తరా అని నువ్వు కూసుంటవారా? నేను కొడుతున్న. మన షూటింగు అయిపోయింది బిడ్డా."

కాయ గడప ముందు బండ మీద ఫెళ్లున పగిలింది. గింజలు మెట్ల దాకా చిందాయి. హనుమంతు చిన్నపిల్లాడిలా తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఎల్లమ్మ ఆ గడ్డాన్ని గుప్పిట పట్టుకుని, "ఇగ తియ్యి, గుచ్చుతుంది," అంది, తనూ ఏడుస్తూనే.

మంజులత కత్తెర తెచ్చింది. సగం గడ్డం తెగి ఒళ్లో పడి ఉండగా ఫోన్ మోగింది. మంజులత చేతిలో కత్తెర ఆగింది. ఎవరూ అనలేదు గానీ ముగ్గురి మనసులోనూ ఒకటే మాట, ఫ్లాష్‌బ్యాక్. మంజులత మెల్లగా ఫోన్ తిప్పి చూసింది. సూర్యనారాయణగారు.

"ఏంటమ్మా, మీ ఆయన వస్తున్నారా లేదా? ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు ఇక్కడ."

ఆమె ఫోన్ భర్త చెవి దగ్గర పెట్టింది. హనుమంతు గొంతు సవరించుకున్నాడు. "బయలెల్లిన సార్. దార్లె ఉన్న," అన్నాడు.

"సగం గడ్డంతో ఏ దారిలో ఉన్నారండీ," అంది మంజులత. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆవిడ నవ్వింది.

ఉద్యోగం వచ్చింది, ఆ పూటే చేరమన్నారు. మూటలు దింపించుకోవడం, లెక్క సరిచూసుకోవడం, నడుము నొప్పి, అన్నీ దానితోపాటే వచ్చాయి. సాయంత్రం హనుమంతు ఇంటికొచ్చి గచ్చు మీద వాలాడు. గడ్డం పోయిన చోట చర్మం తెల్లగా ఉంది. చేయి మాటిమాటికీ అక్కడికి వెళ్లి ఏమీ దొరక్క తిరిగొస్తోంది. కాలేజీ నుంచి వచ్చిన శాంత గుమ్మంలో ఆగిపోయి, "ఎవరండీ మీరు?" అని అడిగి తండ్రి పక్కన చేరింది.

ఎల్లమ్మ టీవీ పెట్టింది. కావాలనే శాంత చేత ఆ సీరియల్ పెట్టించుకుంది. అదే హాలు, అదే అమ్మాయి, అదే ఏడుపు. ఫొటోకి ఈసారి మల్లెల దండ వేశారు. ఎల్లమ్మ ఫొటోని చూసింది, పక్కనే కాళ్లు చాపుకుని ఉన్న కొడుకుని చూసింది. నున్నటి ఆ చెంప మీద వేళ్లు ఆనించింది.

"ఆయనెవరో పోయిండు పాపం," అంది. "మనోడు గీడనే ఉన్నడు." తర్వాత కోడలి వైపు తిరిగి, "అన్నం పెట్టు మంజులా, పని చేసి వచ్చిండు," అంది.

"నేనూ చేసే వచ్చాను అత్తయ్యా."

హనుమంతు లేచి, ముందు మంజులత కంచం కడిగి పెట్టాడు.

ఇదమ్మా ఆ గడ్డం కథ. మీ ఇళ్లలోనూ పిలుపు కోసం గడ్డం పెంచుకుని కూర్చున్న వాళ్లుంటారు, ఆ గడ్డం కంటికి కనపడకపోయినా సరే. వాళ్ల మీద చిరాకు పడినప్పుడు ఎల్లమ్మ చంకలో కాయ పెట్టుకుని మెట్లెక్కి వచ్చిన సంగతి గుర్తు చేసుకోండి. నాకు పేర్లు మరుపు వచ్చినా మీకు రాకూడదు. రేపు ఎవరైనా అడిగితే, మొదట్నుంచి, కొబ్బరి నూనె దగ్గర్నుంచి చెప్పండి.