తడి ఆరకూడని స్ఫటికాలు

"మా అణువుని చంపింది మీరేనా?" అన్నాడతను, చేతులకున్న గ్లవ్స్ కూడా తీయకుండా.

"చంపలేదండీ. అసలు పుట్టనే లేదని రాశాను," అంది ఆమె.

అతని ల్యాబ్ గుమ్మంలో తొలి పలకరింపే ఇలా ఉంటే ఇక మిగతాది చెప్పాలా? ఇద్దరూ కెమిస్టులే. ఒక్కో అణువూ విడిగా ఒక బుల్లి అయస్కాంతంలా పనిచేసే పదార్థాలు తయారుచేయడం వాళ్ల విద్య. ఆరేళ్ల కిందట అతను అలాంటిదొకటి చేశానని పేపర్ రాశాడు. మూడేళ్ల కిందట ఆమె అదే పద్ధతిలో చేసి చూసి, రాలేదని రాసింది. అప్పట్నుంచీ అతని పేపర్‌ని ఎవరు ఎత్తినా 'అది తప్పట' అనడానికే ఎత్తారు. ఆమె పేపర్‌కి మాత్రం నూట నలభై సైటేషన్లు వచ్చాయి, అంటే నూట నలభై పేపర్లు దాన్ని ఉదహరించాయి. అతని స్టూడెంట్లు ఆమెకి 'ఖండన మేడమ్' అని పేరు కూడా పెట్టేసుకున్నారు.

ఆ నూట నలభై చూసే ఆమె కాలేజీ వాళ్లు పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంకా పదిరోజులుంది. సరిగ్గా అప్పుడే, ఒక్కసారి వచ్చి నా ఎదుట కొలిచి చూడండని అతని నుంచి మెయిల్ వచ్చింది. ఇప్పుడు వెళ్లడమంటే కొరివితో తల గోక్కోవడమేనని ఆమె అక్క మందలించింది. అక్క మాట నిజమే. కానీ మనసులో అనుమానం పెట్టుకుని కుదురుగా కూర్చోవడం ఈవిడకి చేతకాదు.

మొదటి రెండు రోజులూ కీచులాటతోనే గడిచాయి. అతను ఈల వేస్తే ఆమె తలుపు వేసేది. మూడోరోజు పొద్దున వాన. ఆమె ఆ పదార్థపు స్ఫటికాలు వడగట్టి, గాలి లాగేసే పంపు పెట్టి ఆరబెట్టబోయింది. అతను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని, అంతే గబుక్కున వదిలేశాడు. చెవులు ఎర్రబడ్డాయి పాపం.

"ఆరబెడతారా?"

"ఎవరైనా ఆరబెట్టే కదండీ కొలుస్తారు."

"నేను ఆరబెట్టను. అవి పుట్టిన ద్రవంతో సహా గొట్టంలో పెట్టి సీలు చేస్తాను."

"ఆ మాట మీ పేపర్లో లేదు."

అతను తన పేపర్ తీసి చూశాడు. నిజంగానే లేదు. రోజూ చేసే పని కాబట్టి రాయాలని తోచలేదు. వంట రాసిచ్చేవాళ్లు పొయ్యి వెలిగించమని రాస్తారా?

తడివి ఒక గొట్టంలో, ఆరినవి ఒక గొట్టంలో పెట్టి యంత్రంలో గడ్డకట్టే చలికి దించారు. ఆరినవాటికి స్క్రీన్ మీద, అయస్కాంత బలం పెంచుతూ పోతే వెళ్లిన గీత, తగ్గిస్తూ వస్తే తిరిగొచ్చిన గీత ఒకదానిమీదొకటి పడ్డాయి. అంటే అయస్కాంతం కాదు. తడివాటికి రెండు గీతలూ విడివడి మధ్యన చోటు వదిలాయి. నికార్సయిన అయస్కాంతం. లోపల ఇరుక్కున్న ద్రవం ఆరిపోతే గుణమూ పోతుందన్నమాట. ఆమెకి ఏడుపొచ్చింది. ఆ గీతలు అంత అందంగా ఉన్నందుకు ఒళ్లుమండింది కూడా.

తప్పులో సగం తనదేననీ, ఇంటర్వ్యూ అయ్యాకే ఈ సంగతి రాయమనీ అతను బతిమాలాడు. మూడేళ్లు ఆగినవాణ్ణి, వారం ఆగలేనా అన్నాడు. ఆమె వినలేదు. అక్కడే కూర్చుని తన పేపర్‌కి సవరణ రాసి, మధ్యాహ్నానికల్లా జర్నల్‌కి పంపింది. ఇంటర్వ్యూ కమిటీకీ ఒక కాపీ పంపింది.

ఇంటర్వ్యూ అంతా ఆ సవరణ మీదే నడిచింది. తప్పు ఎవరు పట్టుకున్నారని కమిటీ పెద్దాయన అడిగితే, ఇద్దరం కలిసి అని చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి, ఇలాంటి కాపీ తనకు రావడం ఇదే మొదటిసారి అన్నాడు. ఫలితం వారంలో చెబుతామన్నారు.

బయటికొస్తే మెట్ల దగ్గర అతను, వానలో తడిసి ముద్దయి.

"నూట నలభైకీ నీళ్లొదిలేశాను," అంది ఆమె.

"మీ పేపర్లో నా పని గురించి పదకొండు చోట్ల రాశారు," అన్నాడతను. "ప్రతి కొలతా మళ్లీ చేశారు. తప్పుపట్టడానికే అనుకోండి, నన్ను అంత శ్రద్ధగా చదివిన మనిషి ఇంకొకరు లేరు. ఆ మనిషిని చూడాలనిపించే పిలిచాను. చూశాక పంపించాలనిపించడం లేదు."

అంతలో అక్క ఫోను. ఉద్యోగం ఏమైందే అని.

"అది వారంలో తెలుస్తుందక్కా. పెళ్లి సంగతి మాత్రం ఇప్పుడే తేలింది."

ఎవరే అతను, తొందరపడకుండా సరిగ్గా చూసుకున్నావా అని అక్క కంగారుపడింది.

"మూడేళ్లుగా ఆయన్నే చదువుతున్నానక్కా," అంది ఆమె, అతనికి వినపడేలా.